ఈ-మెయిలు పెట్టెను ఒక సర్వరునుండి మరియొక సర్వరునకు మార్చుకొనుట

మన సభ్యులలో చద్దర్లు, తువ్వాళ్లు నేయించి పరస్థలములకు పంపువారు పలువురు తమ దుకాణపు పేరు మీద ఈ-మెయిలు పెట్టెలు పెట్టుకొనియున్నారు. వెబ్‌సైటు చేసియిచ్చిన కంపెనీవారే ఆ పెట్టెను కూడ అమర్చి యిచ్చుట వాడుక. కొన్నేండ్లు గడచునప్పటికి పెట్టె నిండిపోవును. లేదా కంపెనీవారు చందా పెంచుదురు. లేదా ఫోను చేసినను పలుకరు. అప్పుడు మరియొక చోటికి మారవలెనను ఆలోచన కలుగును. ఇటీవల ఈ సంగతి అడుగుటకు సంఘ కార్యాలయమునకు వచ్చువారు ఎక్కువైనందున, ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పుటకు బదులు ఈ పత్రికయందే వివరముగా వ్రాయదలచితిమి. సాంచాల చప్పుడులో బ్రతుకు మనకు ఈ కంప్యూటరు గొడవ యేల అని కొందరు పెద్దలు అనవచ్చును. ఆ పెట్టెలో నున్నవి ఏమిటో ఒకసారి తలచుకొన్నచో ఆ మాట అనరు.

ఆర్డరు జాబు అందులోనే యున్నది. రంగుల నమూనా, అంచు డిజైను, ధర ఒప్పుకొన్న మాట, సరకు ముట్టినదన్న రసీదు, డబ్బు రేపు మాపు అని త్రిప్పిన జాబులు అన్నియు అందులోనే. జి.యస్.టి. చట్టము 36వ సెక్షను ప్రకారము లెక్కలను, వాటికి సంబంధించిన కాగితములను వార్షిక రిటర్ను గడువు తేదీనుండి 72 నెలలు భద్రపరచవలెను. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టము ప్రకారము మనవంటి చిన్న ఉత్పత్తిదారునకు కొనుగోలుదారుడు ఎట్టి ఒప్పందమున్నను 45 రోజులకు మించకుండ సొమ్ము చెల్లించవలెను. సరకు బాగులేదని అతడు చెప్పదలచినచో ముట్టిన 15 రోజులలోగా వ్రాతమూలకముగా చెప్పవలెను. ఆ వ్రాత ఈ రోజులలో ఈ-మెయిలే. కనుక ఏ తేదీన ఎవరు ఏమి వ్రాసిరి అనునది డబ్బుతో సమానము.

ముందుగా జాబులు ఎక్కడ నుండునో తెలిసికొనవలెను. దీనికి రెండు పద్ధతులు గలవు. ఒకటి పాప్, రెండవది ఐమ్యాప్. పాప్ పద్ధతిలో మన కంప్యూటరు సర్వరునకు పోయి, వచ్చిన జాబులను ఇంటికి తెచ్చుకొనును. సర్వరులో ఉంచుమని మనము చెప్పనిచో అచ్చట ఏమియు మిగులదు. తపాలా ఆఫీసులోని పెట్టెను తాళము తీసి ఖాళీ చేసికొని వచ్చినట్లు. ఐమ్యాప్ పద్ధతిలో జాబులు సర్వరులోని బీరువాయందే యుండును. మన కంప్యూటరు, ఫోను, కొడుకు ఫోను అన్నియు ఆ ఒక్క బీరువానే చూచుచుండును. ఈ రెండవ పద్ధతిని 1986లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున మార్క్ క్రిస్పిన్ అనునాయన రూపొందించెను. 2003లో స్థిరపడిన దాని రూపమే నేటికిని చాల సర్వరులలో నడచుచున్నది. 2021లో కొత్త రూపమును ప్రకటించిరి. సర్వరునుండి సర్వరునకు ఫోల్డర్లతో సహా జాబులు మార్చుట ఐమ్యాప్ ఉన్నందుననే సాధ్యమగుచున్నది. పాప్‌లో ఫోల్డర్లను మాటయే లేదు. వచ్చిన జాబుల పెట్టె ఒక్కటే దానికి తెలియును. మనము పంపిన జాబుల సంగతి దానికి పట్టదు.

ఐమ్యాప్‌లో నున్న ఒక చిక్కు మాకు దెబ్బ తగిలిన తరువాత గాని తెలియలేదు. ఆ కథ చెప్పుట మాకు గౌరవము కాదు గాని, సభ్యులకు మేలగునని చెప్పుచున్నాము.

రెండేండ్ల క్రిందట మన సంఘ కార్యాలయపు పెట్టెను మార్చితిమి. కొత్త కంపెనీతో మాటలాడి, పాత కంపెనీకి ఇక చందా కట్టమని వ్రాసితిమి. వారు ఆ సాయంత్రమే పెట్టెను తీసివేసిరి. మాకు భయము కలుగలేదు. కార్యాలయపు కంప్యూటరులో జాబులన్నియు కనబడుచునే యున్నవి గదా, అవి మనవద్దనే యున్నవి అనుకొంటిమి. మరునాడు ఉదయము మా గుమాస్తా కంప్యూటరులోని థండర్‌బర్డ్ ప్రోగ్రాము తెరచి, పాత సర్వరు పేరు ఉన్నచోట కొత్త సర్వరు పేరు వ్రాసెను. ఒక్క నిమిషములో ఫోల్డర్లన్నియు మాయమైనవి. ఏలననగా ఐమ్యాప్‌లో మన కంప్యూటరులో కనబడునది అసలు కాదు, నకలు. ప్రతి ఫోల్డరునకు సర్వరు ఒక ముద్ర సంఖ్య నిచ్చును. కంప్యూటరు తనవద్ద నున్న సంఖ్యను సర్వరు చెప్పిన సంఖ్యతో సరిపోల్చి, కలియనిచో తన నకలు పనికిరానిదని పారవేసి మరల సర్వరునుండి తెచ్చుకొనును. కొత్త సర్వరు ఖాళీగా నున్నది. కనుక మాకు దక్కినదియు ఖాళీయే.

అదృష్టవశమున కార్యాలయములో మూలనపడిన పాత ల్యాప్‌టాపు ఒకటి యున్నది. దానిలో ఆ పెట్టె నకలు ఉండవలెనని ఒక సభ్యుని కుమారుడు చెప్పెను. అతడు మొదట వై-ఫై పెట్టెను ఆపివేసి, పిదపనే ఆ ల్యాప్‌టాపు తెరచి, థండర్‌బర్డ్ దాచుకొను ఫోల్డరును అట్లే పెన్‌డ్రైవులోనికి ఎత్తెను. నెట్టు ఉండగా తెరచినచో అదియు తుడిచికొనిపోవునేమో యను భయముతో అట్లు చేసెను. అట్లు చాలభాగము చేతికి వచ్చినది. కాని ఆ ల్యాప్‌టాపు మూలనపడిన తరువాతి నాలుగు నెలల జాబులు రాలేదు. ఆ నాలుగు నెలలలోనే ఒక సభ్యుని తువ్వాళ్ల బాకీ విషయమై మేము వ్రాసిన జాబులు, కొనుగోలుదారుని జవాబులు ఉండెను. తాను పదిహేను రోజులలోనే అభ్యంతరము తెలిపితినని అతడు వాదించెను. కాదని చూపుటకు మావద్ద కాగితము లేకపోయెను. సభ్యుడు తగ్గించుకొని రాజీపడవలసి వచ్చినది. ఆయన మమ్ము ఒక్క మాటయు అనలేదు. అనియున్నచో మాకు కొంత తేలికగా నుండెడిది.

కావున మొదటి నియమము. మగ్గము మీద పడుగు ముగియవచ్చినపుడు మనమేమి చేయుదుము? అచ్చులోను బయలులోను ఉన్న పాత పోగుల కొసలను వదలక, కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా వాటికి అతికి, అతుకు అవతలికి దాటిన తరువాతనే పాతదానిని విడుతుము. పెట్టె మార్చుటయు అంతే. పాత పెట్టెకు కనీసము మరి రెండు నెలల చందా కట్టి, అది బ్రతికియుండగానే పని ముగించవలెను. ఇక కంప్యూటరులో పాత అకౌంటు వివరములను దిద్దకూడదు. దానిని అట్లే యుంచి, కొత్త అకౌంటును ప్రక్కన రెండవదిగా చేర్చవలెను.

కొందరు పాత జాబులను ఒక్కొక్కటిగా తమ కొత్త చిరునామాకు ఫార్వర్డు చేసికొందురు. ఇది బొత్తిగా కూడదు. అట్లు చేసిన జాబు పంపినవాడు కొనుగోలుదారుడు కాక మనమే యగుదుము, తేదీ నేటి తేదీ యగును, జాబు తలపైనుండు దారి గుర్తులన్నియు పోవును. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను క్రింద ఎలక్ట్రానిక్ కాగితమును కోర్టులో ధ్రువపత్రముతో చూపవచ్చును గాని, చూపునది అసలు రూపములో నుండుట మేలు.

పనికి ముందు పాత పెట్టె లెక్క వ్రాసికొనవలెను. ప్రతి ఫోల్డరు పేరు, అందులోని జాబుల సంఖ్య, మొత్తము ఎన్ని జీ.బీ. అనునది ఒక నోటుపుస్తకములో ఎక్కించవలెను. కొత్త పెట్టెలో అంతకు మించిన చోటు ఉండవలెను. ఫొటో జాబుతో పోవునపుడు బరువు పెరుగును, 3 ఎం.బీ. ఉన్న డిజైను ఫొటో జాబులో చేరినపుడు 4 ఎం.బీ.కి పైగా అగును. మన పెట్టెలు డిజైనులతోనే నిండుచున్నవి గనుక ఈ మాట చెప్పవలసి వచ్చినది.

జాబులు కొన్ని వేలు మాత్రమే యున్నవారికి థండర్‌బర్డ్ చాలును. ఇది ఉచితము. ఎడమ ప్రక్క రెండు అకౌంట్లు ఒకదాని క్రింద ఒకటి కనబడును. పాత అకౌంటులోని ఒక ఫోల్డరు తెరచి, జాబులను ఎంచుకొని, కుడి మీట నొక్కి 'కాపీ' అనుదానిని ఎన్నుకొని కొత్త అకౌంటులోని ఫోల్డరును చూపవలెను. అక్కడనే 'మూవ్' అని ఇంకొకటి యుండును, దానిని తాకకూడదు. మూవ్ చేసినచో ఇచ్చటివి అచ్చటికి పోవుచు ఇచ్చట చెరగిపోవుచుండును. నడుమ కరెంటు పోయినచో ఏ జాబు ఎక్కడ నున్నదో తేలదు. మన పేటలలో కరెంటు సంగతి చెప్పనక్కరలేదు. ఒక్కసారి అయిదారు వందలకు మించి ఎత్తకుండుట మంచిది.

ఈ పద్ధతిలో ప్రతి జాబును పాత సర్వరునుండి మన కంప్యూటరునకు దిగి, మరల కొత్త సర్వరునకు ఎక్కును. ఎక్కు వేగము సెకనుకు 5 మెగాబిట్లు ఉన్న లైను మీద 4 జీ.బీ. ఎక్కుటకు లెక్క ప్రకారము గంటా ముప్పావు పట్టును. అసలు లెక్క అట్లు నడువదు. జాబు జాబునకు సర్వరులు పలుకరించుకొని మారుమాట చెప్పుకొనవలెను గనుక, చిన్న జాబులు వేలుగా నున్నచోట రాత్రియంతయు పట్టవచ్చును. ల్యాప్‌టాపు నిద్రపోకుండ చూచుకొనవలెను.

పెట్టె పెద్దదైనను, కార్యాలయములో నలుగురైదుగురికి పెట్టెలు ఉన్నను 'ఐమ్యాప్‌సింక్' అను పరికరము మేలు. దీనిని ఫ్రెంచి దేశస్థుడు జిల్ లామిరాల్ వ్రాసెను. దీనిలోని గొప్ప సుగుణము, ఎన్నిసార్లు నడిపినను ఒకసారి పోయిన జాబు మరల పోదు. జాబు తలపైనుండు గుర్తులను రెండువైపుల చూచి, లేనివానినే పంపును. తానుగా పాతచోట ఏమియు చెరపదు. నడుమ ఆగిపోయినచో మరల మొదటినుండి నడిపినను నష్టము లేదు. ముందుగా ఉత్తుత్తి నడక నడిపించి, ఏ ఫోల్డరు ఎక్కడికి పోవునో చూచుకొను వీలును కలదు. కాని ఇది అక్షరములు కొట్టి నడుపు పరికరము; తెలిసిన కుర్రవానిని పిలుచుకొనవలెను. అతనికి పాస్‌వర్డు చెప్పవలసివచ్చును గనుక, పని కాగానే పాస్‌వర్డు మార్చుకొనుట మరువరాదు.

పాస్‌వర్డు మాట వచ్చినది. గూగుల్‌వారు 2022 మే 30 నుండి బయటి ప్రోగ్రాములు సాధారణ పాస్‌వర్డుతో సొంత జీమెయిలు పెట్టెలలోనికి వచ్చుట ఆపివేసిరి. మైక్రోసాఫ్టువారు తమ వ్యాపార పెట్టెలకు అట్టి కట్టుబాటునే 2022 అక్టోబరు 1 నుండి అమలుపరచనారంభించిరి. కనుక పాస్‌వర్డు సరిగా కొట్టినను 'తప్పు' అని వచ్చుచున్నదని కొందరు సభ్యులు విసుగుకొనుచున్నారు. జీమెయిలులో రెండంచెల తనిఖీ పెట్టుకొని, 16 అక్షరముల ప్రత్యేక పాస్‌వర్డు తీసికొని దానిని ఐమ్యాప్‌సింక్‌నకు ఇచ్చిన పని జరుగును. థండర్‌బర్డ్ అయితే గూగుల్ పేజీనే తెరచి అనుమతి అడుగును.

జీమెయిలునకు పోవువారు గాని, అచ్చటినుండి వచ్చువారు గాని మరి రెండు సంగతులు గమనించవలెను. ఐమ్యాప్ ద్వారా రోజునకు ఎక్కించుటకు 500 ఎం.బీ., దించుటకు 2,500 ఎం.బీ. అని గూగుల్‌వారు పరిమితి ప్రకటించియున్నారు. ఆ లెక్కన 4 జీ.బీ. ఎక్కుటకు ఎనిమిది రోజులు దాటును. సంవత్సరాంతపు లెక్కల వారములో మొదలుపెట్టరాదు. రెండవది, జీమెయిలులో నిజమైన ఫోల్డర్లు లేవు. జాబునకు చీటీలు అంటించియుండును. ఒకే జాబునకు 'నూలు' అనియు 'బాకీలు' అనియు రెండు చీటీలున్నచో బయటినుండి చూచువానికి అది రెండు ఫోల్డర్లలోను కనబడును. 'ఆల్ మెయిల్' అనుదానిలో మూడవమారు కనబడును. అన్నిటిని కన్నుమూసుకొని ఎత్తినచో కొత్తచోట ఒక్క జాబు మూడగును, పెట్టె పొంగిపోవును. మన ఫోల్డర్ల నన్నిటిని ఎత్తువారు 'ఆల్ మెయిల్'ను విడిచిపెట్టవచ్చును. కాని ఏ చీటీయు లేని పాత జాబులు అందులో మాత్రమే యుండును. వాటిని వెదకి, వాటికొక చీటీ అంటించి, పిదప ఎత్తవలెను.

ఫోల్డర్ల పేర్లలో వచ్చు తంటాలు నవ్వు పుట్టించును. ఫోల్డరులోపలి ఫోల్డరును చూపుటకు కొన్ని సర్వరులు ఏటవాలు గీతను వాడును, కొన్ని చుక్కను వాడును. '2023.24' అని పేరు పెట్టుకొన్న ఫోల్డరు చుక్క సర్వరునకు పోయినచో '2023' అను పెట్టె, దానిలో '24' అను పెట్టె అయి కూర్చుండవచ్చును. పోవుటకు ముందే చుక్కను తీసి అడ్డగీత పెట్టిన సరిపోవును. ఇక తెలుగులో పేర్లు పెట్టుకొన్న మనవంటివారి సంగతి వేరు. పాత ఐమ్యాప్‌నకు ఫోల్డరు పేరులో ఇంగ్లీషు అక్షరములు తప్ప తెలియవు. ఇతర లిపులను అది ఒక గూఢలిపిలోనికి మార్చి దాచుకొనును. మామూలుగా మన కంటికి తెలుగే కనబడును. కాని మార్చు పరికరము సరిగా లేనిచో ఆ గూఢలిపియే బయటపడును. 'నూలు' అను పేరునకు బదులు 'అండ్' గుర్తు, దాని ప్రక్క ఇంగ్లీషు డి, సి, పిదప ఏవో పిచ్చి అక్షరములు కనబడును. తెలుగు అక్షరముతో మొదలగు పేరు ఏదైనను అందులో 'అండ్' గుర్తు, డి అను అక్షరముతోనే ఆరంభమగును. అట్టిది చూచి వైరసు పట్టినదని ఫోల్డరును చెరపరాదు. లోపలి జాబులు క్షేమముగానే యుండును. పేరు మార్చిన చాలును.

పంపిన జాబుల ఫోల్డరునకు ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క పేరు పెట్టినది. ఒకచోట 'సెంట్', ఒకచోట 'సెంట్ ఐటమ్స్', మరియొకచోట 'సెంట్ మెయిల్'. మారిన తరువాత రెండు 'సెంట్'లు ప్రక్కప్రక్కన కనబడినచో పాతదానిలోని జాబులను కొత్తదానిలోనికి చేర్చుకొనవలెను. ఫోల్డరు అసలే కనబడకున్నను బెంగపడనక్కరలేదు. ఐమ్యాప్‌లో ఏ ఫోల్డర్లను చూపవలెనో మనము ఎంపిక చేసికొను 'సబ్‌స్క్రైబ్' అను జాబితా యొకటి కలదు. దానిలో టిక్కు పెట్టినంతనే కనబడును.

తేదీల సంగతి అన్నిటికంటె ముఖ్యము. జాబునకు రెండు తేదీలు ఉండును. ఒకటి వ్రాసినవాడు వేసిన తేదీ, జాబు లోపల నుండునది. రెండవది సర్వరు చేతికి వచ్చిన తేదీ, తపాలా ముద్రవంటిది. మంచి పరికరము రెండవదానిని కూడ కొత్త సర్వరునకు తెలియజెప్పును. చెప్పనిచో పదేండ్ల జాబులన్నియు మార్చిన రోజుననే వచ్చినట్లు ఫోనులో కనబడి, వరుస అంతయు కలగాపులగమగును. లోపలి తేదీ చెడదు గాని వెదకుట దుర్భరము. కనుక మొదట పది జాబులున్న చిన్న ఫోల్డరు నొకదానిని మార్చి, తేదీలు, చదివినది చదవనిది అను గుర్తులు, జవాబిచ్చిన గుర్తులు సరిగా వచ్చినవో లేవో చూచి, పిదప తక్కినవి ఎత్తవలెను.

పాత జాబులు ఎక్కిన తరువాత కొత్త జాబుల దారి మార్చవలెను. మన పేరునకు వచ్చు జాబులు ఏ సర్వరునకు పోవలెనో చెప్పు నమోదును 'ఎమ్మెక్స్' అందురు. దానిని మార్చిన మాత్రమున లోకమంతటికి తెలియదు. పాత నమోదును కొంతకాలము జ్ఞాపకముంచుకొను గడువు దానికి కలదు. ఆ గడువు 86,400 సెకనులు, అనగా ఒక దినము, అని యున్నచో, రెండు రోజులు ముందుగానే దానిని 300కు తగ్గించి, పిదప దారి మార్చవలెను. అయినను నడుమ కొన్ని జాబులు పాతచోటికే పోవును. అందుకే ఐమ్యాప్‌సింక్‌ను రెండు మూడు రోజుల తరువాత మరల ఒకసారి నడుపుట. కొత్త సర్వరు ఒక పూట పలుకకున్నను, పంపినవారి సర్వరులు సాధారణముగా నాలుగైదు రోజులవరకు మరల మరల ప్రయత్నించును గనుక జాబు వెంటనే పోదు. దానితోపాటు 'యస్.పి.యఫ్.' అను నమోదులో కొత్త సర్వరు పేరు చేర్చవలెను. 2024 ఫిబ్రవరి నుండి గూగుల్‌వారు ఇట్టి గుర్తింపు లేని జాబులను వెనుకకు త్రిప్పుచున్నారు. మనము పంపిన కొటేషను చేరకపోవుటకు ఇదియే తరచు కారణము.

జాబులతో రానివి కొన్ని యున్నవి. చిరునామాల పుస్తకము రాదు. దానిని విడిగా ఫైలుగా తీసి ఎక్కించుకొనవలెను. జాబులను ఆయా ఫోల్డర్లలోనికి తానుగా పంపు ఏర్పాట్లు, సంతకము, సెలవు జవాబు ఇవన్నియు మరల వ్రాసికొనవలసినవే. ఇంతవరకు పాప్ వాడినవారి జాబులు సర్వరులో లేక వారి కంప్యూటరులోనే యుండును. థండర్‌బర్డ్‌లోని 'లోకల్ ఫోల్డర్ల'నుండి కొత్త ఐమ్యాప్ అకౌంటునకు కాపీ చేసికొనవచ్చును.

చివరగా నోటుపుస్తకము తీసి రెండువైపుల లెక్కలు సరిచూచుకొనవలెను. నాలుగైదు జాబుల తేడా వచ్చినచో హడలిపోరాదు. చెరపివేయుటకు గుర్తు పెట్టి ఇంకను తీసివేయని జాబులు పాతచోట లెక్కకు వచ్చుచుండవచ్చును. లేక ఏదో పెద్ద డిజైను జాబును కొత్త సర్వరు బరువెక్కువని నిరాకరించియుండవచ్చును. ఇట్టివాటిని వెదకి చేత్తో దించుకొనవలెను. ప్రతి ఫోల్డరులో అన్నిటికంటె పాత జాబు, అన్నిటికంటె పెద్ద జాబు, తెలుగులోనో మరాఠీలోనో వ్రాసిన జాబు ఒకటి తెరచి చూడవలెను. థండర్‌బర్డ్ సాధారణముగా ఒక్కొక్క ఫోల్డరును ఒక్కొక్క ఫైలుగా దాచుకొనును. ప్రోగ్రాము మూసి, ఆ ఫైళ్లను ఒక డిస్కులోనికి ఎత్తి బీరువాలో పెట్టుకొనవచ్చును. మేమిప్పుడు మూడు నెలల కొకసారి అట్లు ఎత్తి, డిస్కు మీద తేదీ వ్రాసి, రసీదు పుస్తకముల ప్రక్కన ఉంచుచున్నాము. పాత పెట్టెకు చందా ఆపుమని వ్రాయు జాబును ఆ డిస్కు బీరువాలోనికి పోయిన తరువాతనే పంపవలెను.